ఇరవయ్యో వలయం

రఫ్ నోటుబుక్కు పోయింది ఒక మంగళవారం, బస్సులో. పోగొట్టినవాడు సాపేక్షం.

అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ క్లాసుకి రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వస్తూ, ఒకసారి "కాలం సాపేక్షం కదండీ" అని లెక్చరరుకే పాఠం చెప్పినందుకు క్లాసంతా కలిసి పెట్టిన పేరు. నోటుబుక్కు మాత్రం అతనిది కాదు, ల్యాబ్‌లో అతని పార్ట్‌నర్‌ది. మూడు వారాలు ఆమె కళ్ళు చికిలించి కొలిచిన న్యూటన్ వలయాల రీడింగులన్నీ అందులోనే ఉన్నాయి. "ఒక్కరోజు ఇవ్వు, కాపీ చేసుకుంటా" అని తీసుకువెళ్ళాడు. సీటు మీద పెట్టాడు. దిగాడు. నోటుబుక్కు దిగలేదు.

నిజం చెప్పే ధైర్యం లేక, అంతకంటే సులువైన పని చేశాడు. ఆ వలయాలు కొలిచి కనుక్కోవాల్సిన సోడియం దీపం కాంతి తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రామ్‌లని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. జవాబు తెలిశాక లెక్క వెనకనుంచి చేయడం ఎంతసేపు? గురువారానికల్లా కొత్త నోటుబుక్కులో ఇరవై రీడింగులు బుద్ధిగా బారులు తీరాయి.

ఆమె ఆ పేజీ రెండుసార్లు చదివింది.

"అబ్బో! సరిగ్గా 5893. దశాంశం తర్వాత కూడా సున్నాలే."

"అంతా మీ చేతి మహిమ మేడమ్."

"నా చేతికి 6012 వచ్చింది. ఇంట్లో లెక్కేసుకున్నాను."

సాపేక్షం బుక్కు మూయబోయాడు.

"నా బుక్కేది?"

"బస్సులో... బస్సు వేగం తెలుసు. బుక్కు ఎక్కడుందో తెలీదు."

"క్వాంటం జోకా? బావుంది. నవ్వాలా?"

ఆమె నవ్వలేదు. "మొదటి ఆరు పేజీలు చూశావా?"

"ఏవో అంకెలు..."

"మా నాన్నవి. కళ్ళజోళ్ళ షాపులో ఎవరికి ఏ పవరో రాసుకునేవాడు. పోయినేడు ఆయన పోయాక, మిగిలిన పేజీలు వృథా ఎందుకని వాడుకున్నాను. ఆయన రాత ఇంట్లో ఇంకెక్కడా లేదు."

సాపేక్షం ఆ సాయంత్రమే అదే బస్సు కోసం పరిగెత్తాడు.

వారం రోజులు బస్సుల షెడ్డు చుట్టూ తిరిగాడు. ప్రతి సీటు కిందా దూరాడు.

"మళ్ళీ వచ్చావా నాయనా? అందులో ఆస్తి కాగితాలున్నాయా ఏంటి?" అని డ్రైవరు అడిగాడు.

"అంతకంటే ఎక్కువేనండీ" అన్నాడు. నోటుబుక్కు దొరకలేదు.

ఈలోగా ఆమె పార్ట్‌నర్‌ని మార్చమని లెక్చరరుకి లెటరు రాసింది. ఆయన తాపీగా చదివి, "ముందు ఈ ప్రయోగం మళ్ళీ చేసి ముగించండి. రికార్డుకి శుక్రవారం ఆఖరు. ఆ తర్వాత మారుద్దాం" అన్నాడు.

గురువారం మధ్యాహ్నం సాపేక్షం ల్యాబ్‌కి పది నిమిషాలు ముందే వచ్చాడు. కాలానికే అనుమానం వచ్చి ఉంటుంది.

చీకటి గది, పసుపు దీపం. మైక్రోస్కోపులో ఒకదాని చుట్టూ ఒకటిగా నల్లటి వలయాలు. ఎడమవైపు ఇరవయ్యో వలయం దగ్గర మొదలుపెట్టి, రెండేసి వలయాలకి ఒక రీడింగు చొప్పున, కుడివైపు ఇరవయ్యో వలయం దాకా పోవాలి. స్క్రూ ఒకే దిక్కుకి తిప్పాలి. కాస్త వెనక్కి తిప్పినా మర వదులై లెక్క తప్పుతుంది. ఇక అన్నీ మొదటినుంచే.

అతను చూసి చెబుతున్నాడు, ఆమె రాస్తోంది. ఆమె రాసే ఏడు అంకెకి నడుమ చిన్న అడ్డగీత ఉంటుందని అతను అప్పుడే గమనించాడు. ఎవరి దగ్గర నేర్చుకుందో అడగలేదు.

"కుడివైపు పద్దెనిమిది" అన్నాడు.

"రాశాను. ఇంకొక్కటి. దాంతో సరి."

"తర్వాత?"

"తర్వాత నువ్వు ఇంకొకరి బుక్కు చూసుకో. బస్సులకేం కొదవలేదు."

సాపేక్షం మళ్ళీ కన్ను ఆనించాడు. చెయ్యి కదిలింది. స్క్రూ ఒక చుట్టు వెనక్కి తిరిగింది.

"ఏయ్! వెనక్కి తిప్పావేంటి? బ్యాక్‌లాష్ ఎర్రర్ అంటే తెలీదా? నీకు ఎమ్మెస్సీ ఎవరిచ్చారు?"

"ఇంకా ఇవ్వలేదు."

"పంతొమ్మిది రీడింగులు మట్టిపాలు చేశావ్!"

"తెలుసు. తెలిసే తిప్పాను."

"ఎందుకూ?"

"అయిపోతే వెళ్ళిపోతావుగా." కన్ను మైక్రోస్కోపు మీదే ఉంది. "ఆ బుక్కు తెచ్చివ్వలేను. వెతికాను, లేదు. దొంగ రీడింగులు రాసింది కూడా నువ్వు కోప్పడతావని కాదు, మాట్లాడటం మానేస్తావని. నువ్వంటే నాకిష్టం. ఇది జోకు కాదు."

దీపం సన్నగా రొద చేస్తోంది.

"మైక్రోస్కోపుతో చెప్తున్నావా, నాతోనా?"

అతను తలెత్తాడు. గంటసేపు ఆనించిన కంటి చుట్టూ గుండ్రంగా అచ్చు పడింది. ఆమె పెదవి బిగబట్టింది. లాభం లేకపోయింది.

"ఆ వలయం వ్యాసం కూడా కొలవమంటావా?" అని నవ్వేసింది.

ల్యాబ్ అటెండరు తాళాల గుత్తితో వచ్చాడు. "ఇంకా అవలేదా అమ్మాయ్? ఐదైంది."

"లేదు బాబాయ్. ఈ మహానుభావుడు పాడుచేశాడు. రేపు మళ్ళీ."

"పార్ట్‌నర్‌ని మార్చేస్తున్నావన్నారు?"

"ప్రయోగం అయ్యాక కదా. ఇతనితో అవుతుందంటారా?"

ఆమె పంతొమ్మిది రీడింగుల మీదా ఒకే గీత కొట్టింది. కొత్త పేజీలో మర్నాటి తేదీ వేసి, కింద 'ఎడమవైపు, ఇరవయ్యో వలయం' అని రాసింది. దాని ఎదురుగా రీడింగు ఇంకా రాయలేదు.