అల్పాకా కబుర్లు, ఇంట్లో పడ్డ

పెరుగన్నం కలుపుకుంటూ ప్రవల్లిక మళ్ళీ మొదలుపెట్టింది.

"న్యూజిలాండ్‌లో అల్పాకా ఉంది చూడు నానమ్మా..."

"పొద్దుట్నుంచీ దాన్నే చూస్తున్నానే తల్లీ. ముందు ముద్ద మింగు," అంది నానమ్మ పుష్పవతి.

సెలవుల్లో బాబాయి వాళ్ళతో కలిసి న్యూజిలాండ్ వెళ్ళొచ్చింది ప్రవల్లిక. వెళ్ళడం మంచిదే. తిరిగొచ్చాకే ఇంటిల్లిపాదికీ కష్టకాలం మొదలైంది. అక్కడ సముద్రం ఉంది, మంచుకొండలున్నాయి. వాటి గురించి ఒక్క ముక్క చెప్పదు. ఎంతసేపూ ఒక ఫారంలో చూసిన జంతువులే! పొడుగు మెడ, ఒళ్ళంతా ఉన్ని ఉండే అల్పాకా. కళ్ళ మీదికి జుట్టు పడే ఆవు. ఒళ్ళు తెల్లగా, మొహం మాత్రం నల్లగా ఉండే గొర్రె.

నాన్న ప్రసాద్ మామిడికాయల లోడ్ ఎక్కించే హడావుడిలో ఉంటే వెనకాలే తిరిగి చెప్పింది. నూజివీడు వెళ్తూ ఆటో డ్రైవర్‌కీ చెప్పింది. ఆయన దండం పెట్టి పాటల సౌండ్ పెంచేశాడు.

చివరికి బాబాయి కొడుకు శశాంక్‌కి కూడా చెప్పబోయింది.

"అక్కా, ఆ ఫారానికి నేనూ వచ్చాను కదా! నాకెందుకు చెప్తావ్?" అని వాడు పారిపోయాడు.

"కబుర్లు చాలుగానీ, పడ్డకి నీళ్ళు పెట్టిరా," అంది నానమ్మ. పడ్డ అంటే ఇంకా ఈనని చిన్న గేదె.

"అదా? ఒట్టి బోర్ నానమ్మా. అల్పాకా అయితే అరచేతిలోంచి ఎంత మెత్తగా తింటుందో! కానీ అక్కడ అడక్కుండా ఏదీ పెట్టనివ్వరు. నేను అడిగే పెట్టాను."

మూతి ముడుచుకుంటూ పాకలోకి వెళ్ళి తొట్టిలో నీళ్ళు పోసింది. పక్కనే, లోడ్‌కి పనికిరాని చిన్న రసాల మామిడిపళ్ళు పోగు పోసి ఉన్నాయి. ఇది కూడా చేతిలోంచి తింటుందా? అరచేతిలో పండు పెట్టి చాపింది. పడ్డ గరుకు నాలుకతో ఒక్క లాగు లాగింది. పండు మొత్తం లోపలికి పోయింది. ప్రవల్లికకి భలే సరదా వేసింది. ఇంకోటి పెట్టింది.

మామిడి కాలంలో ఆ ఊళ్ళో పశువులున్న వాళ్ళెవరూ వాటికి పండు మొత్తంగా వేయరు. తొక్కలు మాత్రం వేసి, టెంకలు ఏరి దూరంగా పారేస్తారు. ప్రవల్లిక పుట్టినప్పటినుంచీ అది చూస్తూనే ఉంది. ఎందుకని ఒక్కసారైనా అడిగితే కదా!

కాసేపటికి పడ్డ మెడ చాచి దగ్గడం మొదలుపెట్టింది. నోట్లోంచి చొంగ ధారగా కారింది. పొట్ట ఒక పక్కకి ఉబ్బిపోయింది. నాన్న ఫోన్ చేస్తే పశువుల డాక్టర్ బైక్ మీద వచ్చేసరికి దాని కాళ్ళు వణుకుతున్నాయి.

"ఏం తిందండీ?"

"ఎండుగడ్డే అండీ," అన్నాడు నాన్న.

"గడ్డికి ఇలా అవదండీ! సరిగ్గా చెప్పకపోతే నేనేం చేసేది?" డాక్టర్ విసుక్కున్నాడు.

పొద్దుట్నుంచీ ఆగని ప్రవల్లిక నోరు ఇప్పుడు పెగల్లేదు. నాన్న తిడతాడని భయం. ఇంతలో పడ్డ కళ్ళు తేలేసింది. అది చచ్చిపోతుందేమో అన్న భయం ముందు తిట్ల భయం ఎగిరిపోయింది.

"రసాలు పెట్టాను... నేనే. పండు మొత్తంగా."

"టెంకలతోనా!" నాన్న తల పట్టుకున్నాడు.

ఇద్దరు మనుషులు పట్టుకుంటే డాక్టర్ దాని నోరు తెరిచి, మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. చాలాసేపు తంటాలు పడి గొంతులో ఇరుక్కున్న టెంకని బయటికి లాగాడు. పడ్డ గట్టిగా ఊపిరి తీసుకుంది.

"పరాయి దేశంలో అడిగి పెట్టావు. ఇంట్లోదానికి పెట్టేటప్పుడు ఒక్క మాట అడగడానికి ఏమొచ్చిందే?" అంది నానమ్మ కోపంగా.

"ఇది మనదే కదా నానమ్మా. దీని గురించి నాకు తెలుసనుకున్నాను," అని ప్రవల్లిక భోరుమంది.

పడ్డ తేరుకున్నాక ఒక సాయంత్రం ప్రవల్లిక పచ్చగడ్డి పట్టుకుని పాకలోకి వెళ్ళింది. పడ్డ నాలుక చాపింది. ప్రవల్లిక చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నానమ్మా! దీనికి పచ్చగడ్డి పెట్టొచ్చా?"

"పెట్టవే!" అంది నానమ్మ, ఆవకాయకి ముక్కలు తుడుస్తూ.

"కాస్త తడిగా ఉంది. పర్లేదా?"

"పర్లేదు!"

"పొడుగ్గా ఉంది. కత్తిరించి పెట్టాలా?"

"నీ దుంపతెగ! గేదెకి గడ్డి పెట్టడానికి ఇన్ని ప్రశ్నలా?" నానమ్మ గుడ్డ విసిరేసి పాకలోకి వచ్చింది. గడ్డిని చూసింది, మనవరాలి మొహం చూసింది. పెట్టమన్నట్టు తల ఊపింది.

అప్పుడు ప్రవల్లిక చెయ్యి చాపింది.