ఖాళీ ఇంటి స్టాపులో కళ్లు మూసుకోవాలి

ఆ మలుపు దగ్గర ఒక ఇల్లుంది. పైకప్పు సగమే మిగిలింది. నీలం తలుపు మాత్రం నిన్ననే రంగేసినట్టు ఉంటుంది. అందులో ఎవరూ ఉండరు.

అయినా రాత్రి ఆఖరి బస్సు అక్కడ ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది... ఎవరో ఎక్కుతారు. ఎవరని అడక్కూడదు. చూడటమైతే అసలే కూడదు. చూశావో, నీ పక్క సీట్లోనే కూర్చుని ఇంటిదాకా వస్తుందట.

ఇది నేను అల్లింది కాదు. మా లెక్కల మావయ్య చెప్పాడు. అదీ కరెంటు పోయినప్పుడు, గొంతు బాగా తగ్గించి.

మావయ్యది బస్సుల ఆఫీసులో ఉద్యోగం. ఏ రూటులో ఎంతమంది ఎక్కుతున్నారో లెక్కపెట్టడమే పని. పందొమ్మిదేళ్లలో ఒక్క తప్పుడు అంకె రాయలేదని తెగ గొప్పలు పోతాడు. సినిమాకెళ్లినా ముందు హాల్లో తలలు లెక్కేసి గానీ కూర్చోడు. ధైర్యం సంగతంటారా... బల్లి కనపడితే అత్తని కేకేస్తాడు.

ఆ ఏడాది ఆయన్ని ఎవరూ వెళ్లడానికి ఇష్టపడని చోటికి పంపారు. ఒకవైపు కొండలు, ఇంకోవైపు సముద్రం, మధ్యలో చాప పరిచినంత నేల. ఆఫీసు మ్యాపు మడత సరిగ్గా అక్కడే పడి, ఊళ్ల పేర్లు అరిగిపోయాయి. మధ్యాహ్నం మూడయితే చాలు, కొండ నీడ పడి ఎండ పోతుంది. పగలు గాలి సముద్రం మీంచి, రాత్రి కొండ మీంచి. అందుకే ప్రతి ఇంటికీ రెండు తలుపులు. ఒకటి తీసినప్పుడు రెండోది మూసేస్తారు.

రేవు దగ్గర రాత్రి తొమ్మిదింటికి బయలుదేరి కొండమీద ఊరికెళ్లే ఆఖరి బస్సులో రెండు రాత్రులు తిరగాలి. ఎక్కినవాళ్లని లెక్కపెట్టాలి. పదికి తగ్గితే బస్సు రద్దు. అదీ పని.

మొదటి రాత్రి రేవులో తొమ్మిదిమంది ఎక్కారు. అందరివీ నెల పాసులే, టిక్కెట్టు చింపే పని లేదు. ఆసుపత్రి నర్సమ్మ ఒకావిడ, ఆమె చెప్పులు అడుగడుక్కీ కీచుమంటున్నాయి. వలలు బాగుచేసే తాత, ఒకటే దగ్గు. ఐసు ఫ్యాక్టరీలో చేసే అక్క, నడుముకి ఇంత తాళాలగుత్తి. మిగతా ఆరుగురూ ఎక్కగానే నిద్రలోకి జారారు.

మావయ్య కాగితం మీద తొమ్మిది వేశాడు. కండక్టరమ్మ ఆ అంకె వైపు ఓసారి చూసింది.

బస్సు కొండ మలుపుల ఘాటు రోడ్డెక్కింది. సముద్రం చప్పుడు కిందికి వెళ్లిపోయింది. ఒక మలుపు. రెండు. మూడు—

"సార్," అంది కండక్టరమ్మ చెవి దగ్గరికొచ్చి. "కళ్లు మూసుకోండి."

"ఎందుకమ్మా?"

"ఖాళీ ఇల్లు వస్తోంది."

"వస్తే?"

"మీకు పెళ్లాం పిల్లలున్నారా?"

"ఉన్నారు."

"అయితే మూసుకోండి."

మూసుకున్నాడు. అంత గట్టిగా మూసుకున్నాడంటే మర్నాటి దాకా కనుబొమ్మలు నొప్పి పెట్టాయట.

"లైట్లు ఆపు అన్నా," అంది డ్రైవరుతో. టక్‌మంది. బ్రేకు మూలిగింది. ముందు తలుపు తెరుచుకుంది. కొండగాలి చల్లగా మెడ మీద పాకింది.

నిశ్శబ్దం...

తర్వాత అడుగులు. కీచ్... కీచ్... ఒకరు. దగ్గుతూ ఇంకొకరు. గలగలమంటూ మూడో మనిషి.

తలుపు మూసుకుంది. బస్సు కదిలింది. లైట్లు వెలిగాయి.

"ఎంతమంది ఎక్కారు సార్?"

"ము... ముగ్గురు."

"విన్నది మీరే. నేనేం చెప్పలేదు."

కాగితం మీద మూడు వేశాడు. తొమ్మిదీ మూడూ పన్నెండు. బస్సుకి ఢోకా లేదు.

ఆ రాత్రి కొండమీద ఊళ్లో, స్కూలు గదిలో పడక. దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకున్నాడు, నిద్ర రాదే. బుర్రలో అవే చప్పుళ్లు. కీచ్... దగ్గు... గలగల...

తెల్లారగట్ల కిటికీ పక్కనుంచి ఎవరో నడిచి వెళ్లారు. కీచ్, కీచ్, కీచ్.

మావయ్య దిగ్గున లేచి చూశాడు. నర్సమ్మ. చేతిలో పాలగిన్నె.

అయినా దెయ్యానికి చెప్పులెందుకు?

రెండో రాత్రి కూడా అదే బస్సు, అదే తొమ్మిదిమంది. అదే మలుపు. "కళ్లు మూసుకోండి సార్." మావయ్య బుద్ధిగా మూసుకున్నాడు. ఒకటే. రెండోది వేళ్ల సందులోంచి తెరిచే ఉంచాడు.

లైట్లు ఆరాయి. తలుపు తెరుచుకుంది. చీకట్లో నర్సమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని వెనక తలుపులోంచి దిగింది. ఆవిడ వెనకే తాత, నోటికి కండువా అడ్డం పెట్టుకుని. తాళాలు గుప్పిట్లో బిగించి ఐసు అక్క. ముగ్గురూ బస్సు చుట్టూ తిరిగి ముందు తలుపు దగ్గరికొచ్చారు. నర్సమ్మ అక్కడ చెప్పులు తొడుక్కుని, కీచుకీచుమని ఎక్కింది. తాత గొంతు సవరించుకుని, దగ్గాల్సిన చోట దగ్గాడు. అక్క గుత్తి వదిలింది.

మావయ్యకి నవ్వు ముంచుకొచ్చింది. ఆ వెనకే ఒళ్లు మండింది. నిన్న రాత్రంతా దుప్పట్లో చెమటలు పట్టింది ఈ ముగ్గురి కోసమా?

ఆఖరి స్టాపులో అందరూ దిగాక ఆ ముగ్గుర్నీ, కండక్టరమ్మనీ ఆపాడు.

"దెయ్యాలు చాలా క్రమశిక్షణగా ఎక్కుతున్నాయమ్మా," అన్నాడు.

తాతకి ఈసారి నిజంగా దగ్గొచ్చింది.

"తప్పు నాదే సార్," అంది కండక్టరమ్మ. "డ్రైవరన్న రోజూ ఇంజను చల్లారాలని అక్కడ ఒక నిమిషం ఆపుతాడు. ఆ నిమిషాన్నే వాడుకున్నాం. లెక్కలకి ఎవరొచ్చినా ఇదే చేస్తాం. పోయినేడు వచ్చినాయనకి చెప్పనక్కర్లేకపోయింది... ఘాటు మొదలవకముందే మూసుకున్నాడు."

"మరి నిజంగా ఎక్కేది తొమ్మిదిమందేగా."

"తొమ్మిదే."

నర్సమ్మ చెప్పుల వైపే చూస్తూ అంది, "మా అమ్మ మంచం మీద ఉంది సార్. నా డ్యూటీ అయ్యేసరికి ఎనిమిదిన్నర. ఈ బస్సు తీసేస్తే ఉద్యోగమైనా మానాలి, అమ్మని రాత్రంతా ఒంటరిగానైనా వదలాలి. మీరే చెప్పండి, ఏది చెయ్యమంటారో."

మావయ్యకి జాలేసింది. కానీ కాగితం కాగితమే.

"నేను అబద్ధం రాయలేనమ్మా," అన్నాడు మెల్లగా. "ఎక్కినవాళ్లనే మళ్లీ ఎక్కించి పన్నెండంటే ఎలా? పందొమ్మిదేళ్లుగా—"

"తెలుసులెండి," అన్నాడు తాత. "బస్సు ఎక్కినప్పటి నుంచి నాలుగుసార్లు చెప్పారు."

అక్కడ మావయ్యకి చిన్న కసి పుట్టింది. నిన్న తనని అంత హడలగొట్టారా లేదా... ఊరికే వదిలెయ్యడం దేనికి?

"సరే, మీ ముగ్గురి సంగతీ అర్థమైంది," అన్నాడు, గొంతు దించి. "మీ వెనకాల ఎక్కిన ఆ నాలుగో ఆవిడెవరు?"

"నాలుగో ఆవిడా?" అంది కండక్టరమ్మ.

"అదే... చెప్పుల్లేకుండా. తడిసిన చీరలో."

నిజానికి మావయ్య చూసింది ముగ్గుర్నే. కానీ చెప్పిన తీరు అలాంటిది మరి. ఐసు అక్క చేతిలో గుత్తి జారి కింద పడింది. తాత దగ్గు టక్కున ఆగింది. నర్సమ్మ వచ్చి కండక్టరమ్మ మోచేయి పట్టుకుంది. "మేం దిగింది ముగ్గురమే సార్..."

చాల్లే పాపం, ఊరికే అన్నానని చెబుదామని మావయ్య నోరు తెరిచాడు.

"చీర తడిసి ఉండదు సార్."

డ్రైవరు. టైరు పక్కన నిలబడి సీసాలో నీళ్లతో ముఖం కడుక్కుంటున్నాడు. రెండు రాత్రుల్లో ఆయన మాట్లాడటం అదే మొదటిసారి.

"పొడి చీరే. చీకట్లో అలా కనపడుతుంది. చెప్పుల్లేకపోవడం మాత్రం నిజం."

"అన్నా," అంది కండక్టరమ్మ, "నువ్వు ఆపేది ఇంజను చల్లారడానికని..."

"ఇంజనుకేం? బ్రహ్మాండంగా ఉంది." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "వీళ్లు దిగి ఎక్కేది మీలాంటి వాళ్లొచ్చిన రాత్రుల్లోనే సార్. ఆవిడ మాత్రం రోజూ ఎక్కుతుంది. మీరు కళ్లు మూసుకుంటారు, మిగతా రోజుల్లో వీళ్లంతా నిద్రపోతారు, బాగానే ఉంది. నేను మూసుకుంటే బండెవరు నడుపుతారు?"

అని సీసా మూత బిగించి, ఇంటికి వెళ్లిపోయాడు. నవ్వనైనా నవ్వలేదు.

కొండగాలి వీస్తోంది. బస్సు ముందు తలుపు తెరిచే ఉంది. ఐదు నిమిషాల పాటు దాని వైపు ఎవరూ చూడలేదు.

తర్వాత మావయ్య జేబులోంచి కాగితం తీశాడు. నిన్నటి మూడునీ, మొత్తం పన్నెండునీ కొట్టేశాడు. రెండు రాత్రుల ఎదురుగానూ రేవులో తొమ్మిది, మలుపులో ఒకటి వేశాడు. మొత్తం పది. కింద సంతకం.

బస్సు ఇప్పటికీ నడుస్తోంది. డ్రైవరు మావయ్యని ఏడిపించాడంతే అని అత్త తేల్చేసింది. మరి అబద్ధం రాశావా మావయ్యా అని నేనడిగితే మాత్రం ఆయనకి పౌరుషం పొడుచుకొస్తుంది. "నా సర్వీసులో అంతకన్నా కరెక్టు అంకె ఇంకోటి లేదురా," అంటాడు.

ఒక్కటి మాత్రం మారిందట. ఇప్పుడు లెక్కలకి ఎవరూ రాకపోయినా, ఎవరూ చెప్పకపోయినా, ఆ మలుపులో బస్సంతా కళ్లు మూసుకుంటుంది. నర్సమ్మా, తాతా, తాళాల అక్కా అందరికన్నా ముందు.

ఒక్క డ్రైవరు తప్ప.