గాజు గదిలో మోగిన అలారం

కోమలి మెట్లెక్కి వచ్చేసరికి ఆమె కాళ్లకు చెప్పులు కూడా లేవు. తిరుపతి రైల్వే స్టేషన్ వెనక వీధిలో, మేడమీది ఆ చిన్న ఆఫీసుకు భయపడ్డ మనుషులు రావడం కొత్తేమీ కాదు. కానీ పూతలపట్టు నుంచి వట్టికాళ్లతో బస్సెక్కి వచ్చిన మనిషిని డిటెక్టివ్ సహాయకుడు జయరావు చూడడం అదే మొదలు. గబగబా కుర్చీ లాగి వేసి, మంచినీళ్ల గ్లాసు అందించాడు.

"సాయంత్రానికి మా ఆయన్ని లోపలేస్తామని పోలీసోళ్లు చెప్పి పోయినారమ్మా," అంది నీళ్లు ముట్టకుండానే. "కన్న నాయన్నే సంపబోయినాడంట. ఊరంతా అదే మాట."

డిటెక్టివ్ చంద్రకాంతమ్మ కళ్లజోడు తుడుచుకుంటూ ఆమెను తేరిపార చూసింది. "మొదట నీళ్లు తాగు తల్లీ. తర్వాత నిదానంగా చెప్పు."

కోమలి భర్త మునికుమార్ పూతలపట్టు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంట్రోల్ రూము ఆపరేటరు. ఆమె మామ ఎల్లప్ప అక్కడే శీతల గిడ్డంగిలో పనివాడు. మొన్న పొద్దున గిడ్డంగిని చల్లబరిచే అమ్మోనియా పాత వాల్వు దగ్గర లీకైంది. కోత షెడ్డులో ఆడవాళ్లు కళ్లు మండి బయటపడ్డారు. గిడ్డంగి ఆ చివర ఒంటరిగా ఉన్న ఎల్లప్పకు హారను మోగితే తప్ప సంగతి తెలిసే దారి లేదు. హారను మోగలేదు. ఆ విషవాయువు పీల్చిన ఎల్లప్ప ఇప్పుడు చిత్తూరు ఆస్పత్రిలో ఉన్నాడు.

"నేను అలారం కొట్టినాను, మోగింది, చెవులారా విన్నానంటాడు మా ఆయన. బయట ఉండేవాళ్లు ఒక్కరన్నా విన్లేదు. పోలీసోళ్లు వచ్చి కొట్టి సూస్తే బ్రహ్మాండంగా మోగింది. ఇంకేముండాది? నిద్రపోయి, ఇప్పుడు అబద్ధాలాడతా ఉండాడని తేల్చేసినారు." ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది. "ఆస్పత్రికి పోతే మా మామ మొగం పక్కకు తిప్పుకున్నాడమ్మా. ఈయనకు తన చెవుల మీద తనకే అనుమానం వచ్చేసింది. నేను నిజంగా విన్నానా కోమలీ, అని నన్నే అడగతాడు."

ఆ చివరి మాటకు చంద్రకాంతమ్మ చటుక్కున లేచింది. "జయా, కారు తియ్. అబద్ధమాడేవాడు తన చెవుల్ని అనుమానించడు."

ఫ్యాక్టరీ ముందు తోతాపురి మామిడికాయల లోడు లారీలు బారులు తీరి ఉన్నాయి. ఘాటు వాసన ఇంకా పూర్తిగా పోలేదు. ఆవరణ మధ్యలో కంట్రోల్ రూము, నాలుగువైపులా గాజు. తలుపు మూస్తే బయటి మోత లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. బల్లమీద కంప్యూటరు, పక్కన ఒక చిన్న స్పీకరు ఉన్నాయి. మునికుమార్ కళ్లు నిద్రలేక ఉబ్బిపోయాయి.

"పొద్దున సుప్రభాతం, ఆనక పాటలు, ఏదైనా అయితే అలారం. అన్నీ ఈ కంప్యూటరు నుంచే మేడం. బయట హారన్లలోనూ ఈ చిన్నదాంట్లోనూ ఒకేసారి వస్తాది. తెరమీద ప్రెషరు పడిపోతానే ఎర్రగుర్తు నొక్కినా. సౌండు నిండుగా పెట్టే ఉండాది. పాట మీదనే కుయ్యోమని మోగింది. నా చెవులు గింగిర్లెత్తినాయి. కొంచేపు మోగి అదే ఆగిపోయినాక, నాయన బయటికి రాలేదని సూసి ఉరికినా."

"ఆ రోజు నీతో ఎవరైనా గొడవపడ్డారా?"

"గొడవంటే... సరుకు కొనేవాళ్లు వస్తా ఉండారు, ఈ పొద్దు ఊరికే అలారం కొట్టి వాళ్లను బెదరగొట్టొద్దని మేనేజరు సార్ చెప్పినాడు. వాసనొస్తే కొడతా సార్, లోపల మా నాయన ఉండాడు అన్నా."

మేనేజరు సునీల్‌కుమార్ యజమాని మునస్వామికి అల్లుడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా, మాట తొణకకుండా జవాబిచ్చాడు.

"చిన్నచిన్న లీకులు మామూలే మేడం. సీజనయినాక వాల్వు మారుస్తాం. బటన్ నొక్కలేదు, హారన్ మోగలేదు. ఇందులో మీరు కనిపెట్టేదేముంది?"

"ఆ సమయానికి మీరెక్కడున్నారు?"

"మీటింగ్ హాల్లో. ల్యాప్‌టాప్‌లో బయ్యర్లకు ఫోటోలు చూపిస్తున్నా. అరుపులు వినబడగానే గేటు దగ్గరికి పరిగెత్తినా. అందరికంటే ముందు పోయింది నేనే."

కోత షెడ్డు మేస్త్రి తాయమ్మ మాత్రం అడగకముందే అందుకుంది.

"కొనే ఆయప్పలు కారు దిగి లోపలికి పోయినాంక హారన్లో పాట మద్దెలో టక్కున తెగిపోయింది. కరెంటు పోయిందేమో అనుకుంటిమి, ఫ్యాన్లు తిరగతానే ఉండాయి. కొంచేపటికి కండ్లు మంటలు! గేటుకాడికి ఉరికినాం. మునికుమారు మూతికి తడిగుడ్డ కట్టుకోని లోపల దూరి, వాళ్ల నాయన్ని భుజానేసుకోని వచ్చినాడు. గేటుకాడ దించతా ఉంటే..." తాయమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "హారన్లో పాట మొదులైందమ్మా! మనిషి పేనం పోతా ఉంటే పెళ్లిపాట! నాకు ఒళ్లు జలదరించింది."

"అప్పుడు కంట్రోల్ రూములో ఎవరున్నారు?"

"ఎవురుంటారు? గాజుగది కదా, ఖాళీకుర్చీ అందరికీ కనపడతానే ఉండె."

"మేనేజరుగారు?"

"ఆ కొనే ఆయప్పలే ముక్కుకు గుడ్డలు పెట్టుకోని, సునీల్ సార్ యాడ, యాడ అని అడగతా ఉండ్రి. పాట వచ్చినాంకనే ఆయన ఉరుకుతా వచ్చినాడు."

పూతలపట్టు కూడలిలో టీ తాగుతూ జయరావు ఉసూరుమన్నాడు. అటు చూస్తే అంతమంది ఆడవాళ్లు, ఇటు చూస్తే ఏడుపు మొహంతో మునికుమార్. ఎవరూ అబద్ధమాడేలా లేరు. చంద్రకాంతమ్మ అతని ఫోను తీసుకుని, ఫ్యాక్టరీలో కంప్యూటర్లు అమర్చిన విజయ్ కుమార్‌కు కలిపింది. హలో, హలో అని రెండుసార్లు అరిచి విసుక్కుంది.

"పలకడేం వీడు?"

"పలుకుతున్నాడు మేడం! నాకు వినబడుతోంది," అంటూ జయరావు చెవిలోంచి బ్లూటూత్ గబుక్కున తీశాడు.

ఆవిడ చేతిలోని ఫోను వైపూ ఆ బ్లూటూత్ వైపూ చూసింది. "అతను పలికాడు. నువ్వు విన్నావు, నేను వినలేదు. మనిద్దరిలో అబద్ధం ఎవరిది జయా?"

"ఎవరిదీ కాదు మేడం, శబ్దం వేరే దారిలో..." అంటూనే జయరావు టీ గ్లాసు టక్కున కింద పెట్టాడు.

అప్పుడు జయరావే ఆవిడకు వివరించాడు. కంప్యూటరు లోపల సౌండ్ సర్వర్ అని ఒకటుంటుంది. ఏ శబ్దాన్ని ఏ స్పీకరుకు పంపాలో, ఎంత గట్టిగా పంపాలో చూసేది అదే. తెరమీద ఏమీ తాకనక్కర్లేదు. కీబోర్డు మీద ఒక్క లైను ఆజ్ఞ కొడితే చాలు, మోగుతున్న పాటను ఆపకుండానే ఒక స్పీకరు నుంచి ఇంకో స్పీకరుకు మళ్లిస్తుంది. ఆ లైను వేరే కంప్యూటరు నుంచి కూడా కొట్టవచ్చు.

విజయ్ కుమార్ శ్రీకాళహస్తిలో వేరే పని మీద ఉన్నాడు. బయటి ఊళ్ల నుంచి ఆ కంప్యూటరును ముట్టుకోవడం తనవల్ల కూడా కాదనీ, ఫ్యాక్టరీ లోపలి రెండు యంత్రాల నుంచే వీలవుతుందనీ చెప్పాడు. ఒకటి లారీల కాటా దగ్గరిది, వారం నుంచి చిత్తూరులో రిపేరులో ఉంది. రెండోది మీటింగ్ హాలు ల్యాప్‌టాప్. చంద్రకాంతమ్మ ఇంకో ప్రశ్న అడిగింది. జవాబు వింటున్నకొద్దీ ఆవిడ మొహం ఎర్రబడింది.

సాయంత్రం ఎస్సై జీపు వచ్చేసరికి యజమాని మునస్వామి, సునీల్‌కుమార్, తాయమ్మ, పనివాళ్లు అందరూ ఆవరణలో నిలబడి ఉన్నారు. హారన్లలో ఏదో పాత పాట వస్తోంది. జయరావు ఒక్కడే అక్కడ లేడు. కోమలి మొగుడి చెయ్యి వదలడం లేదు.

"ఎస్సైగారూ, ఒక్కసారి అలారం విని, తర్వాత తీసుకెళ్లండి," అంది చంద్రకాంతమ్మ. "మునికుమార్, లోపలికి పోయి తలుపేసుకుని నొక్కు."

అతను కుర్చీలో కూర్చుని చెయ్యి ఎత్తేలోగా హారన్లలో పాట టక్కున తెగిపోయింది. నొక్కాడు. ఆవరణలో చీమ చిటుక్కుమనలేదు. సునీల్‌కుమార్ మొహం పాలిపోయింది.

"మునస్వామిగారూ, ఆ తలుపు తీయండి."

పెద్దాయన పోయి తలుపు తీశాడు. గాజుగదిలోంచి అలారం చెవులు పగిలేలా బయటికి దూకింది. ఆయన రెండు చేతులా చెవులు మూసుకున్నాడు. మునికుమార్ కుర్చీలోనే భోరుమన్నాడు. "మోగతా ఉండాది కదా సామీ! ఆ పొద్దూ ఇట్లనే మోగింది!"

చంద్రకాంతమ్మ అలారం ఆపించి చెయ్యి ఊపింది. మీటింగ్ హాలు కిటికీలో జయరావు తల కనిపించి మాయమైంది. మరుక్షణం హారన్లలో పాట మధ్యలోంచి అందుకుంది.

"ఇదే! ఇట్లనే వచ్చింది!" తాయమ్మ కేక పెట్టింది.

"అతనూ నిజమే చెప్పాడు, మీరూ నిజమే చెప్పారు," అంది చంద్రకాంతమ్మ. "శబ్దాన్ని పూర్తిగా నొక్కేస్తే మునికుమార్‌కు తెలిసిపోతుంది. అందుకే హారన్లకు తెంపి, అతని బల్లమీది స్పీకరుకు మాత్రం వదిలారు. అతను మోగిందనుకోవాలి, కొనేవాళ్లకు మాత్రం వినబడకూడదు. ప్రమాదం జరిగాక పోలీసులు వచ్చి చూస్తే హారను పనిచేయాలి కదా, అందుకని మళ్లీ కలిపారు. కానీ లోపల పాట ఇంకా నడుస్తోందన్న సంగతి ఆ మనిషికి గుర్తులేదు. అదే పట్టిచ్చింది. అప్పటికి మునికుమార్ గేటు దగ్గర, ఇంతమంది కళ్లెదుట ఉన్నాడు."

"అవన్నీ విజయ్ కుమార్‌కే తెలుసు," అన్నాడు సునీల్‌కుమార్.

"అతను ఈ ఊళ్లోనే లేడు. అతిథులొచ్చినప్పుడు పాటల గోల ఉండకూడదని మీరడిగితే, ఆ లైను మీకు రాసిచ్చానన్నాడు. అలారం కూడా దాంతోపాటే పోతుంది సార్, జాగ్రత్త, అని కూడా చెప్పాడట. అందరికంటే ముందు గేటు దగ్గరికి పోయానన్నారు మీరు. మీ అతిథులేమో అక్కడ నిలబడి మీకోసమే వెతుకుతున్నారు. ఆ కాసేపూ ల్యాప్‌టాప్ ముందు ఏం చేస్తున్నారు బాబూ? లోపల ఒక మనిషి ఊపిరాడక గిలగిలా కొట్టుకుంటుంటే?"

సునీల్‌కుమార్ మామ వైపు చూశాడు. "ఆ ఆర్డరు పోతే ఫ్యాక్టరీ మూతపడతాది మామా. ఒక్క పూట అనుకున్నా. ఇట్లవుతాదని..."

మునస్వామి అల్లుడి మొహం చూడలేదు. "తీసకపోండి సార్," అన్నాడు ఎస్సైతో.

చిత్తూరు ఆస్పత్రిలో ఎల్లప్ప మెలకువగానే ఉన్నాడు. మూతికి మాస్కు, కళ్లు పైకప్పు మీద. మునికుమార్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపలికి పోవడానికి అతనికి ధైర్యం చాలలేదు. కోమలి మంచం దగ్గర వంగి, జరిగిందంతా మామ చెవిలో చెప్పింది. ఎల్లప్ప చెయ్యెత్తి కొడుకును రమ్మని సైగ చేశాడు. మాస్కు పక్కకు జరుపుకున్నాడు.

"కొట్టినావా నాయనా?"

"కొట్టినా నాయనా. ఇన్నా కూడా."

ఎల్లప్ప కొడుకు చెవి పట్టుకుని నిమిరాడు. "నాకే ఇనపల్యా," అన్నాడు. "నేనే నిన్ను అనుమానపడితిని."

మునికుమార్ ఆ చేతిమీద తల వాల్చేశాడు. గుమ్మం బయట జయరావు కళ్లు తుడుచుకోబోయి, చంద్రకాంతమ్మ ఏమంటుందోనని పక్కకు చూశాడు. ఆవిడ కళ్లజోడు తీసి, ఎప్పటికంటే ఎక్కువసేపు తుడుచుకుంటోంది.