లోవమ్మ నేర్పిన చెయ్యి

"మంచుకొండల మీద ఇద్దరు జవాన్లు ఊపిరాడక పోయారు," ఫోన్‌లో చీఫ్ గొంతు. "ఆక్సిజన్ వాల్వులు లీక్. విదేశీ ముఠా పని. వాల్వులు బిగించేది అనకాపల్లి దగ్గర ఫ్యాక్టరీలో. తర్వాతి లోడు ఈరోజే నాలుగింటికి. అక్కడ మన మనిషి రాజశ్రీ. కోడ్: పాకం ముదిరింది."

మూడున్నరకల్లా ఏజెంట్ త్రినాధరావు ఫిట్టర్ యూనిఫాంలో, స్క్రూడ్రైవర్ పిడిలో కెమెరాతో లోపలున్నాడు.

ట్రైనింగ్ హాల్లో రాజశ్రీ. పట్టుచీర, నెత్తిన నల్లద్దాలు. వెనక తెర మీద 'ఎంపవర్‌మెంట్'. "రోబోకి మీరే బాస్!" అంటూ వర్కర్ల చేత చప్పట్లు కొట్టిస్తోంది.

"పాకం ముదిరింది," గొణిగాడు త్రినాధరావు.

"ఇంకా దించలేదు," నవ్వింది. "రోబోలన్నీ చెక్ చేశాను. క్లీన్."

లోడు కోసం లైన్ మీద ఒక్కర్తినే ఉంచారు. లోవమ్మ. రోజూ పూడిమడక నుంచి బస్సులో వచ్చే జాలరి మనిషి. పక్కనే రోబో చెయ్యి చకచకా వాల్వులు బిగిస్తోంది.

"కొత్త ఫిట్టరువా బాబూ? ఇది నా సెయ్యి కాదు."

"ఏటమ్మా?"

"దీని మణికట్టు పట్టుకుని పని నేర్పింది నేను. బిగించేక ఓపాలి ఎనక్కి లాగి సూడమన్నాను. వల ముడి మేం అలాగే సూత్తాం. ఆ క్లాసులమ్మ వచ్చిన కాడ్నించి, రెండు నెల్లై, లాగట్లేదు. సూపర్‌వైజర్ కన్నబాబుకి మూడుసార్లు సెప్పేను. 'రోబోకి అత్తగారివా' అని నవ్వేడు."

త్రినాధరావు ఒక వాల్వు లాగి చూశాడు. మర వదులుగా కదిలింది. అతని ఒళ్లు మండిపోయింది. ఢిల్లీలో నెలరోజులు శాటిలైట్లు పెట్టి వెతికిన జవాబు ఈమె మూడుసార్లు చెప్పింది. ఒక్క వెధవ వినలేదు!

"ఆపెయ్యలేకపోయావా?"

ఆమె గాజుపెట్టెలో ఉన్న ఎర్ర బటన్ చూపించింది. "నొక్కితే లైను ఆగిపోద్ది, లోడింగ్ షట్టరూ పడిపోద్ది. తాళం ఆ క్లాసులమ్మ కాడుంది. ముట్టుకుంటే మెమో."

3:58. అతని వీపుకి చల్లగా పిస్టల్ ఆనింది.

"కదలకు, ఏజెంట్." రాజశ్రీ. "ఇక్కడ మేం ఎవర్నీ కొనలేదు. అవసరమే రాలేదు. వీళ్ల మాట ఎవడూ వినడు. మా ప్లాన్ అంతే."

బయట లారీ ఇంజిన్ స్టార్టయింది. రాజశ్రీ కళ్లు త్రినాధరావు మీదే ఉన్నాయి. లోవమ్మని ఆమె లెక్కలోకే తీసుకోలేదు.

3:59. లోవమ్మ స్పానర్ ఎత్తింది. గాజు భళ్లుమంది. రోబో చెయ్యి గాల్లోనే ఆగింది. లారీ ముందు షట్టర్ ధడాలున పడింది. రాజశ్రీ ఉలిక్కిపడిన ఆ అరక్షణం చాలు. పిస్టల్ నేల మీద, సంకెళ్లు ఆమె చేతులకి.

కన్నబాబు రొప్పుతూ వచ్చాడు. "ఎవరే నొక్కింది? మెమో ఇత్తాను!"

లోవమ్మ రక్తం కారుతున్న వేలు చీరకి తుడుచుకుంది.

"నేనే బాబూ. నిన్న క్లాసులో రోబోకి మీరే బాస్ అని సప్పట్లు కొట్టించేరు కదా. నమ్మేసేను."