రెండు తులాల బంగారం

"యాదగిరి మొహం ఆ బాసు కంట్ల పడ్డదంటే, మనకు పిలగాని శవం గూడ దొరకది."

చీఫ్ సారంగపాణి బ్రీఫింగ్ అలా మొదలుపెట్టాడు. ఏజెంట్ సోహెల్‌కు ఒళ్లు మండింది. యాదగిరి అతని ప్రాణస్నేహితుడు. విదేశీ ముఠాలో డ్రైవర్ వేషంలో ఉన్న మన గూఢచారి. మనవాళ్లను కలుస్తుండగా ఎవడో వెధవ వీడియో తీశాడు. ఆ వీడియో కాశిబుగ్గలో ముఠా అద్దెకు తీసుకున్న ఇంట్లో, టీవీ కింది లైనక్స్ మీడియా బాక్సులో ఉంది. బాక్సుకు ఇంటర్నెట్ తగిలితే చాలు, దానంతటదే విదేశంలోని బాసుకు పోతుంది.

"వాళ్ల నెట్ లైన్ కట్ చేయించిన. నువ్వు నెట్ మెకానిక్‌వు. రిపేరని చెప్పి బాక్సు ఎత్తుకరా. లోపల వినోద అని మన మనిషే ఉంటది. ములుగు పిల్లనట. కోడ్, జాతర."

తలుపు తీసిన వినోద అందం వర్ణించాలంటే ఒక పేజీ పడుతుంది. సోహెల్‌కు అంత తీరిక లేదు.

"జాతరకు పోయినవా అక్కా?"

"పోయిన తమ్మీ. బంగారం తెచ్చిన."

కోడ్ సరిపోయింది. సోహెల్ టీవీ వెనక కూర్చుని, మెకానిక్ వేషం చెడకుండా టెస్టింగ్ రౌటర్‌ను ప్లగ్గులో పెట్టి, దానికి కేబుల్ ఒక కొస తగిలించాడు. నోరు ఊరుకోక అడిగాడు.

"మేడారంల నిలువెత్తు బంగారం ఇచ్చినవా మరి?"

"అన్ని పైసలు యాడియి? రెండు తులాలే."

యా అల్లా! మేడారం జాతరలో అమ్మవార్లకిచ్చే బంగారమంటే బెల్లం. ములుగులో పసిపిల్లకైనా తెలుసు. దొంగది! కోడ్ బట్టీ పట్టింది గానీ ఊరు తెలియదు.

"మొహం అలా మాడిపోయిందేంటి?" వినోద యాస జారిపోయింది. ఒక చేతిలో పిస్టల్, మరో చేతిలో రిమోట్. ఆమె ఫోన్ హాట్‌స్పాట్ ఆన్‌లోనే ఉంది. బటన్ నొక్కింది.

స్క్రీన్ మీద, 'వైఫై కనెక్టెడ్'. అప్‌లోడ్ పరుగు తీసింది. ముప్పై శాతం. అరవై. తొంభై.

"బాక్సు కోసం ఎవరొస్తారో పట్టుకుందామనే ఇంతసేపు ఆగాను. మీ యాదగిరి పనైపోయింది. కదిలావో, నీదీ అంతే."

"థూ, నీ బతుకు!"

కేబుల్ రెండో కొస సోహెల్ చేతిలోనే ఉంది. ఈ బాక్సు బుద్ధి అతనికి తెలుసు. వైరు దొరికితే వైఫైని వదిలేస్తుంది. బాక్సు వెనక కొస నొక్కాడు. టక్!

తొంభై ఎనిమిది దగ్గర అప్‌లోడ్ చచ్చింది. 'వైర్డ్ కనెక్టెడ్. నో ఇంటర్నెట్.' పిచ్చి బాక్సు నెట్ లేని రౌటర్‌ను బతిమాలుకుంటోంది.

వైరు పీకేయడానికి వినోద వంగింది. సోహెల్ ఆమె మణికట్టు పట్టి మెలితిప్పాడు. తూటా టీవీని పగలగొట్టింది.

బేడీలు పడుతుంటే వినోద పళ్లు కొరికింది. "ఎక్కడ తప్పు చేశాను?"

సోహెల్ బాక్సును చంకన పెట్టుకున్నాడు. "కిరాణం దుకాన్ల అడుగు, బెల్లం తులాలల్ల అమ్ముతరా అని."