కిటికీ సీటు మీద దస్తీ

సంగారెడ్డి బస్టాండులోకి శ్రీశైలం బస్సు వచ్చింది. అది ఇంకా ఆగనైనా లేదు, శ్రావణ్‌కుమార్ వెంట పరుగెత్తి కిటికీలోంచి మొహం తుడుచుకునే తన ఎర్రగళ్ల దస్తీని ముందు సీటు మీదికి విసిరేశాడు. హమ్మయ్య, సీటు దొరికింది!

జనాన్ని తోసుకుంటూ ఎక్కి చూస్తే, ఆ సీట్లో ఒక పెద్దావిడ దర్జాగా కూర్చుని ఉంది.

"అవ్వా, గిది నా సీటు. దస్తీ ఏసిన, సూడలేదా?"

"చూశానయ్యా. ఇదిగో, మడతపెట్టి ఉంచాను. తీసుకో."

"గట్లెట్ల? దస్తీ పడ్డదంటే సీటు ఖాయమే! ఒక పెద్దమనిషి కోసం ఆపిన. ఆమెకు కిటికీ కాడ లేకుంటే కడుపుల తిప్పుతదంట. జెర లే, అవ్వా!"

"ఆ పెద్దమనిషిని నుంచోమను. గుడ్డముక్క విసిరితే లెగడానికి నేనేమన్నా కోడిపిల్లనా?"

కండక్టర్ సర్దిచెప్పేలోపే నాగవల్లి సంచులతో ఎక్కింది. శ్రావణ్‌ని చూసి కళ్లతోనే నవ్వి, పెద్దావిడ వైపు తిరిగింది.

"నానమ్మా, కిటికీ సీటు దొరికిందా?"

శ్రావణ్‌కి కాళ్ల కింద బస్సు కదిలినట్టయింది. నిజానికి బస్సు ఇంకా కదలలేదు.

పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో శ్రావణ్‌ది, నాగవల్లిది ఒకటే ల్యాబ్. ప్రేమ సంగతి చెబితే నాగవల్లి తండ్రి చలపతిరావు తేల్చేశాడు: "మా అమ్మ ఊఁ అంటే సరే. లేదంటే రాజమండ్రి సంబంధమే." ఆ అమ్మే తణుకు నుంచి కొత్తగా వచ్చిన బుల్లెమ్మ. ఆవిడకింకా ఏమీ తెలియదు. ముందు శ్రావణ్ పరాయివాడిలా ప్రయాణంలో ఆవిడని మెప్పిస్తే, తర్వాత చెబుదామన్నది నాగవల్లి ప్లాన్. ప్లాన్ బస్టాండు కూడా దాటలేదు!

కల్వకుర్తిలో చాయ్ కోసం ఆపినప్పుడు శ్రావణ్ గొణిగాడు.

"మెత్తటి మనిషి అన్నవ్! నన్ను నమిలి మింగింది."

"నువ్వెందుకు కొట్లాడినవ్?"

"మీ నానమ్మ కోసమే!"

నాగవల్లి చాయ్ ఒలికేలా నవ్వింది. ఆ నవ్వు చూస్తే అతనికి పరేషాన్ సగం తగ్గింది.

అచ్చంపేటలో పక్కసీటు ఖాళీ అయితే శ్రావణ్ నాగవల్లి పక్కన అంచు మీద కూర్చున్నాడు. మన్ననూరు దాటాక నల్లమల మొదలైంది. మలుపు తిరగ్గానే వాన ఎదురొచ్చింది. కొండల మీద మబ్బులు, కింద లోయలో కృష్ణ. బుల్లెమ్మకి కళ్లు తిరిగాయి. శ్రావణ్ సంచిలోంచి ఎండు ఉసిరి ముక్క తీసి, "బుగ్గన పెట్టుకోండ్రి, తగ్గుతది" అన్నాడు. ఆవిడ తీసుకుని బుగ్గన పెట్టుకుంది.

నాగవల్లి వంగి కిటికీ మూయబోతే అద్దం బిగుసుకుపోయి జల్లు ఆమె ముఖాన కొట్టింది. ఆమె నవ్వుతూ, చూడకుండానే చెయ్యి చాచి, శ్రావణ్ షర్టు జేబులోంచి దస్తీ లాగి ముఖం తుడుచుకుని మళ్లీ అక్కడే పెట్టేసింది. రోజూ క్యాంటీన్లో చేసే పనే.

బుల్లెమ్మ చూసింది.

"పరాయోడి జేబులో చెయ్యి పెట్టే పిల్లవి కాదే నువ్వు! ఎవరే ఇతను?"

నాగవల్లి దస్తీ వైపు చూసి నాలుక కరుచుకుంది. శ్రావణే నోరు విప్పాడు.

"నాకు నాగవల్లి అంటే పానం, అమ్మా. పెండ్లి చేస్కుందామనుకున్నం. మీరు ఊఁ అంటేనే."

"మరి పొద్దున ఆ సీటు ఎవరికోసం?"

"మీకోసమే."

"నాకోసం పట్టి, నన్నే లెగమన్నావా?"

"మీరే అని నాకేం ఎరుక?"

బుల్లెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో కోపమో తెలియలేదు. గుడి చేరేదాకా కిటికీ బయటికే చూసింది. ఆ రోజు దర్శనంలో ఇద్దరూ దేవుడికంటే ఆవిడ ముఖాన్నే ఎక్కువ చూశారు.

మర్నాడు తిరుగు బస్సుకి జనం ఎగబడ్డారు. శ్రావణ్ జేబు తడుముకుంటే దస్తీ లేదు. తలెత్తి చూస్తే, బుల్లెమ్మ కొంగు బిగించి, ఎర్రగళ్ల దస్తీని కిటికీలోంచి లోపలికి గిరాటేసి అరుస్తోంది.

"లెగవయ్యా! అది మా మనవరాలి మొగుడి దస్తీ!"

"ఇంకా కాలేదు కదా నానమ్మా!" నాగవల్లి సిగ్గుతో ఆవిడ చెయ్యి గిల్లింది.

"దస్తీ పడ్డాక ఇంకేముందే? ఖాయమే!"