గోధుమరంగు పూలదండ

పాత వస్తువు ఎంచుకునేటప్పుడు ముందు వెనకవైపు చూడాలని రాగిణికి నేర్పింది లక్ష్మీకాంతం ఆంటీయే. మేకులు తుప్పుపట్టాయా, చెక్క నల్లబడిందా, వాసన ఎలా ఉంది. ముందువైపు ఎవరైనా మెరుగుపెట్టగలరు అనేది ఆవిడ.

కెనడాలో, గ్వెల్ఫ్‌ అనే ఊళ్లో ఇల్లు కొన్నాక గోడలు బోసిగా ఉండిపోయాయి. షాపుల్లో దొరికే కొత్త బొమ్మలు రాగిణికి నచ్చలేదు. పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో ఉండే ఆంటీ రిటైరైన డాక్టరు. పాత వస్తువులంటే ప్రాణం. ఆ వేసవిలో ప్రతి శనివారం ఇద్దరూ యాంటిక్ మార్కెట్లు తిరిగారు. తిరిగొచ్చాక ఆంటీ, రాగిణి కూతురు ఆరేళ్ల అమ్ములుని ఒళ్లో కూర్చోబెట్టుకుని, తలకి కొబ్బరినూనె రాసి జడ వేసేది.

"చివర్లు చిట్లిపోయాయే. కొంచెం కత్తిరించనా?" అంటూ ఒకసారి కత్తెర కూడా తీసింది.

దేశంకాని దేశంలో తనకింకో అమ్మ దొరికిందనుకుంది రాగిణి.

అక్టోబరులో ఆంటీ ఇల్లు వదిలి చిన్న కాండో ఫ్లాటుకి మారుతూ పిలిచింది. "సామానంతా వదిలించుకుంటున్నానే. నీకు నచ్చింది ఒకటి తీసుకో."

హాల్లో చాలా వస్తువులే ఉన్నాయి. దీపం వెలుగు మాత్రం ఒక్కదాని మీదే పడుతోంది. పెట్టెలా లోతుగా ఉన్న గాజు ఫ్రేము. లోపల గుర్రపు నాడా ఆకారంలో పూలదండ. గోధుమ, బంగారు, బూడిద రంగుల్లో, నమ్మలేనంత సన్నటి దారాలతో అల్లిన పూలు. చిట్టచివర ఒకటి నల్లగా, నిగనిగలాడుతూ.

"పట్టుదారమా ఆంటీ?"

"నూరేళ్ల పైమాట. నచ్చిందా?"

"చాలా."

"అయితే నువ్వే ఎంచుకున్నావు. నేనిచ్చింది కాదు. నోటితో అనమ్మా."

రాగిణి నవ్వింది. "నేనే ఎంచుకున్నానండీ బాబూ. చాలా?"

ఆంటీ తనే దుప్పట్లో చుట్టి కారులో పెట్టింది. వెనకవైపు చూడాలని రాగిణికి తట్టలేదు. నేర్పిన మనిషే ఇస్తుంటే ఇంకేం చూస్తుంది?

దాన్ని పూజగది గుమ్మం పైన తగిలించింది. "మామిడాకులు దొరకని ఊళ్లో పర్మనెంట్ తోరణం," అన్నాడు భర్త చక్రధర్.

డిసెంబరులో ఒక సాయంత్రం మంచువాన కురిసింది. అయిదింటికే చీకటి పడి, కరెంటు పోయింది. రోడ్లు గాజులా గడ్డకట్టాయని, ఎటోబికో ఆఫీసులోనే ఉండిపోతున్నానని చక్రధర్ మెసేజ్ పెట్టాడు. గ్యాస్ ఫైర్‌ప్లేస్ వెలుగులో సోఫా మీద అమ్ములు నిద్రపోతోంది. వారం నుంచీ పిల్లకి నిద్రే. దిండు నిండా జుట్టు రాలుతోంది. రక్తపరీక్షల్లో ఏమీ తేలలేదు.

బయట మంచు బరువుకి కొమ్మలు విరుగుతున్న చప్పుడు. ఇంట్లో... ఇంకేదో చప్పుడు. గుడ్డలోంచి దారం లాగుతున్నట్టు, సన్నగా.

ఆపైన వాసన. కొబ్బరినూనె.

ఈ వారమంతా రాగిణి ఆ సీసా ముట్టుకోలేదు. వాసన వెంట వెళితే పూజగది గుమ్మం వచ్చింది. ఫోను లైటు పైకెత్తింది. చివర ఒక్కటే ఉండాల్సిన నల్లపువ్వు... ఇప్పుడు గుత్తి.

ఫ్రేము దించి తిప్పింది. చెక్క నల్లబడింది. మేకులు తుప్పుపట్టాయి. అట్ట మాత్రం కొత్తది. అంటించిన టేపు ఇంకా మెరుస్తోంది. చింపి, వేలితో తాకింది.

పట్టు కాదు.

వెంట్రుకలు. దండంతా వెంట్రుకలే. ఒక్కో పువ్వు ఒక్కో తలది. నల్లగుత్తి మొదట్లో చిన్న గులాబిరంగు రబ్బరుబ్యాండు. వేసవిలో ఆంటీ ఇంట్లో పోయిందని అమ్ములు ఏడ్చిన రబ్బరుబ్యాండు.

ఫోను రెండో రింగుకే ఎత్తింది ఆంటీ.

"ఇందులో అమ్ములు జుట్టుంది..."

"కొన్నప్పుడు నేనూ పట్టనే అనుకున్నానమ్మా. తర్వాత మా మనవరాలు కావ్యశ్రీ జుట్టు ఊడటం మొదలైంది. చివరికి మంచం దిగలేకపోయింది. అక్కడేమో దాని పువ్వు పెరుగుతూ వచ్చింది. నేను డాక్టర్ని రాగిణీ. ఇలాంటివి నమ్మే మనిషినా?"

"మరేం చేశారు?"

"కావ్య పువ్వు తీసేశాను. ఆ చోటు ఖాళీగా ఉంటే ఆ దండ ఊరుకోలేదు. ఇంకొకటి పెట్టాను. పిల్ల ఇప్పుడు స్కూలుకెళ్తోంది."

"నా కూతుర్నా ఆంటీ? మీ ఒళ్లో కూర్చోబెట్టుకుని?"

"నువ్వే ఎంచుకున్నావమ్మా," అంది ఆంటీ, మునుపటంత మెత్తగా. ఫోను పెట్టేసింది.

రాగిణి నల్లగుత్తిని పీకేసింది. వట్టి తీగ మిగిలింది. కత్తెర తెచ్చి తన జుట్టు కత్తిరించి దానికి చుట్టింది. జారిపోయింది. మళ్లీ చుట్టింది. మళ్లీ జారింది... ఎవరో వద్దని తోసేసినట్టు.

"నాట్ యూ, మమ్మీ," అంది అమ్ములు, కళ్లు మూసుకునే. "షి వాంట్స్ లిటిల్ గర్ల్స్."

పిల్ల పెదవులు తెల్లగా ఉన్నాయి. రాగిణి నిమిరితే చేతిలోకి పిడికెడు జుట్టు వచ్చింది.

ఎవరో తలుపు తట్టారు. పక్కింటి తేజశ్రీ, కూతుర్ని ఎత్తుకుని.

"అక్కా, మా ఇల్లు ఫ్రిజ్ అయిపోయింది! మీకు ఫైర్‌ప్లేస్ ఉంది కదా, దీన్ని కాసేపు కూర్చోబెట్టుకోరూ? దుప్పట్లు తీసుకొచ్చేస్తా. మీ దగ్గరుంటే నాకు బెంగ లేదు."

వెళ్లు అని చెప్పాల్సింది. "రా," అంది రాగిణి.

తేజశ్రీ వెళ్లింది. నాలుగేళ్ల పాప మంట ముందు బుద్ధిగా కూర్చుంది. రెండు జడలు, బరువుగా, నల్లగా. రాగిణి పాప వెనక నిలబడింది. పూజగది దగ్గరే పెట్టేసి వచ్చిన కత్తెర, ఎలా వచ్చిందో, చేతిలో ఉంది. వద్దు... వద్దని పళ్లు బిగించింది.

"చివర్లు చిట్లిపోయాయే. కొంచెం కత్తిరించనా?"

మాటలు స్పష్టంగా వినిపించాయి. రాగిణి పళ్లు ఇంకా బిగించే ఉన్నాయి.

పాప సరేనని తల ఊపింది. రాగిణి వైపు తిరగలేదు. చీకట్లో ఉన్న పూజగది గుమ్మం వైపు చూస్తూ ఊపింది.